తేలిక పుల్లీ వేస్తే పికప్ పెరుగుతుందా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే వస్తువు గురించి ఉన్నాయి. ఎరుపు, నీలం రంగుల్లో మెరుస్తూ ఆన్‌లైన్లో అమ్ముడవుతున్న అల్యూమినియం క్రాంక్ పుల్లీ అది. పిస్టన్ల తోపుతో తిరిగే ఇంజిన్ ఇరుసే క్రాంక్ షాఫ్ట్. దాని ముందు కొసన ఉండి ఏసీ లాంటివాటి బెల్ట్‌ను తిప్పే చక్రమే క్రాంక్ పుల్లీ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: మాది స్విఫ్ట్ పెట్రోలు. తేలిక క్రాంక్ పుల్లీ వేస్తే 10 హార్స్‌పవర్ పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నమ్మవచ్చా? — గుంటూరు

10 హార్స్‌పవర్ మాట నమ్మకండి. పుల్లీ బరువు తగ్గితే ఇంజిన్ తయారుచేసే శక్తి పెరగదు. ఇంజిన్ తన భాగాలను తానే తిప్పుకోవడానికి పెట్టే ఖర్చు కొద్దిగా తగ్గుతుంది. అది కూడా వేగం పెరుగుతున్నంతసేపే. వేగం నిలకడగా ఉంటే బరువు పుల్లీకీ తేలిక పుల్లీకీ తేడా ఏమీ ఉండదు.

ఎంత తగ్గుతుందో లెక్క వేసి చూద్దాం. కంపెనీ పుల్లీ 2.5 కిలోలు, దాని బదులు వేసేది 0.7 కిలో, రెండింటి వ్యాసం 150 మిల్లీమీటర్లు అనుకుందాం. తిరిగే వస్తువు విషయంలో బరువు ఎంత అన్నదానికంటే అది ఇరుసు నుంచి ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం. పుల్లీ చిన్నది కాబట్టి 1.8 కిలోలు తగ్గినా జడత్వం (వేగం మారడానికి అది చూపే మొండితనం) తగ్గేది 0.005 కిలో-చదరపు మీటరు మాత్రమే. 7 కిలోల బరువు, 260 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లైవీల్ (క్రాంక్ వెనక కొసనుండే బరువు చక్రం) జడత్వంలో ఇది పదో వంతు కూడా కాదు.

దీన్నే బండి బరువులోకి మార్చి చూడండి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో మొదటి గేరు, డిఫరెన్షియల్ నిష్పత్తులు కలిపి 14.5 ఉంటే, మొదటి గేరులో మీకు దక్కే లాభం బండిలోంచి 13 కిలోలు దించినంత. రెండో గేరులో 4 కిలోలు కూడా కాదు. అయిదో గేరులో అర కిలో చిల్లర. మనిషితో కలిపి వెయ్యి కిలోలున్న బండికి 13 కిలోలంటే నూటికి 1.3 వంతు, అదీ మొదటి గేరు ఉన్న ఆ కాసేపే. డిక్కీలో ఏళ్లతరబడి పడున్న సామాను దించేస్తే ఇదే లాభం అన్ని గేర్లలోనూ ఉంటుంది, పైసా ఖర్చు ఉండదు.

హార్స్‌పవర్‌లో చెప్పాలంటే, నాలుగో గేరులో 2000 నుంచి 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా 8 సెకన్లలో వెళ్లే బండికి చివర్లో మిగిలేది పావు హార్స్‌పవర్. మొదటి గేరులో అదే 2000 నుంచి 6000 దాకా రెండున్నర సెకన్లలో వెళితే ముప్పావు. డైనోలో (బండి శక్తి కొలిచే మిషన్) అంతకంటే ఎక్కువ చూపించారంటే రెండు పరీక్షల మధ్య ఇంజిన్ వేడి, గాలి వేడి, టైర్ల గాలి మారి ఉంటాయి. వరసగా మూడేసి సార్లు తిప్పి, సగటు తీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టమని అడగండి.

మైలేజీ సంగతి ఇంకా తీసికట్టు. ఇంజిన్‌ను 3000 ఆర్‌పీఎంకి తెచ్చిన ప్రతిసారీ ఈ తేలిక వల్ల ఆదా అయ్యేది 250 జౌళ్లు. 100 సిగ్నళ్ల దగ్గర ఆగి, ప్రతిచోటా మూడు గేర్లు మార్చి బయల్దేరినా మొత్తం ఆదా 10 మిల్లీలీటర్ల పెట్రోలు. టైర్లలో గాలి సరిగా చూసుకుంటే ఇంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది.

ఒకటి మాత్రం నిజం. న్యూట్రల్లో రేస్ ఇస్తే ఇంజిన్ కాస్త చురుగ్గా లేస్తుంది, కాలు తీస్తే చురుగ్గా దిగుతుంది. చాలామంది "పికప్ పెరిగింది" అనేది ఈ అనుభూతినే.

ప్రశ్న: పుల్లీ మధ్యలో నల్లటి రబ్బరు గీత ఒకటి కనిపిస్తుంది. దాని పనేమిటి? అల్యూమినియం పుల్లీలో అది లేదు కదా, అవసరం లేకపోయినా కంపెనీవాళ్లు పెట్టారా? — హనుమకొండ

ఈ శీర్షికలో మేము చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్నలోనే ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

రబ్బరు గీత ఉందంటే అది వట్టి బెల్ట్ పుల్లీ కాదు, డ్యాంపర్. లోపల క్రాంక్‌కు బిగించే హబ్, బయట బరువైన ఇనప రింగు, రెండింటి మధ్య రబ్బరు. బెల్ట్ గాడులు ఆ బయటి రింగు మీదే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు అంతా ఒకటే పుల్లీలా కనిపిస్తుంది.

క్రాంక్ షాఫ్ట్ చూడటానికి ఎంత మొద్దుగా ఉన్నా, సిలిండర్లో పెట్రోలు మండిన ప్రతిసారీ పిస్టన్ తోపుకి ఆ చోట కాస్త మెలి తిరుగుతుంది, వెంటనే విడివడుతుంది. కంటికి తెలియనంత చిన్న మెలిక అది. క్రాంక్‌కు తనదైన ఒక కంపన వేగం ఉంటుంది. మంటల తోపులు సరిగ్గా ఆ వేగంతో కలిసి పడ్డాయంటే, ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ తోసినట్టు, మెలిక పెరుగుతూ పోతుంది. దీన్నే మెలి కంపనం అంటారు.

ఉదాహరణకు, నాలుగు సిలిండర్ల ఇంజిన్ క్రాంక్ సహజ కంపనం సెకనుకు 400 సార్లు అనుకోండి. నిమిషానికి 24,000. ఈ ఇంజిన్లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండు మంటలు. చుట్టుకు 2, 4, 6, 8 సార్లు వచ్చే కుదుపులు దాని ముఖ్యమైన తోపులు. 24,000ని 2తో భాగిస్తే 12,000 ఆర్‌పీఎం, అక్కడికి మన ఇంజిన్ వెళ్లదు. 4తో భాగిస్తే 6,000, 6తో భాగిస్తే 4,000. ఈ రెండూ మనం రోజూ ముట్టుకునే వేగాలే.

క్రాంక్ వెనక చివర బరువైన ఫ్లైవీల్ ఉంటుంది, అది అంతగా కదలదు. ముందు చివరకు అలాంటి పట్టు లేదు, మెలికంతా అక్కడ తేలుతుంది. అందుకే డ్యాంపర్‌ను ముందు కొసకే పెట్టారు. హబ్ ముందుకీ వెనక్కీ వణికినప్పుడు బరువు రింగు దానితో పాటు వణకదు, వెనకబడుతుంది. మధ్యలో రబ్బరు నలిగి ఆ కంపనాన్ని వేడిగా మార్చి పారేస్తుంది. ఎంత బరువు రింగు, ఎంత గట్టి రబ్బరు అన్నది ఆ క్రాంక్‌కు సరిపడేలా కొలిచి పెట్టినదే.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1905లో వచ్చిన రోల్స్-రాయిస్ 30 హెచ్‌పీ ఆరు సిలిండర్ల బండి క్రాంకులు విరిగింది ఇందువల్లే. ఆ రోజుల్లోనే ఇంగ్లండు ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ క్రాంక్‌కు డ్యాంపర్ అమర్చే ఏర్పాటు కనిపెట్టి పేటెంటు తీసుకున్నారు.

డ్యాంపర్ తీసేసి గట్టి అల్యూమినియం ముక్క పెడితే మర్నాడే క్రాంక్ విరగదు. మొదట దెబ్బ తినేవి క్రాంక్ ముందు కొసనే ఉండే భాగాలు. చాలా ఇంజిన్లలో ఆయిల్ పంపు క్రాంక్ మీదే కూర్చుంటుంది. దాని గేర్లు లోహపు పొడిని అచ్చుపోసి కాల్చి చేసినవి, అరుగుదలకు తట్టుకుంటాయి గానీ కుదుపులకు పగులుతాయి. గేరు పగిలిందా, ఆయిల్ ప్రెషర్ సున్నా. ఎర్ర దీపం చూసి ఇంజిన్ ఆపేలోపే బేరింగులు పట్టేస్తాయి. ఆ తర్వాత కీ (పుల్లీ క్రాంక్ మీద జారకుండా గాడిలో పెట్టే చిన్న ఇనప ముక్క) గాడి వెడల్పవడం, వాల్వులను సరైన క్షణంలో తెరిపించే టైమింగ్ చెయిన్ సాగడం, ఫ్లైవీల్ బోల్టులు వదులవడం. వీటిలో ఏది వచ్చినా పుల్లీ వేసి ఏడాది దాటి ఉంటుంది కాబట్టి షెడ్డులో ఎవరికీ పుల్లీ మీద అనుమానం రాదు.

కొన్ని చిన్న ఇంజిన్లకు కంపెనీయే రబ్బరు లేని గట్టి పుల్లీ ఇస్తుంది. వాటి క్రాంక్ పొట్టిగా, గట్టిగా ఉండి ఆ ఇంజిన్ వేగంలో ప్రమాదపు కలయిక రాకపోవడం వల్ల అలా ఇస్తారు. మీ బండి అలాంటిదైతే తేలిక పుల్లీ వల్ల పెద్ద నష్టం లేదు. లాభం ఎంతో పైన చెప్పాం. రబ్బరు ముందు ముఖం మీద కనిపించకపోతే వెనక వైపు కూడా చూడాలి, కొన్నింటిలో అది లోపలికి దాగి ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర పాత ఈ36 బీఎండబ్ల్యూ ఉంది, ఆరు సిలిండర్లు. ఇక్కడ అందరూ తేలిక పుల్లీ సెట్లు వేస్తున్నారు. బరువు తగ్గితే క్రాంక్ సహజ కంపనం పైకి జరిగిపోతుంది కాబట్టి డ్యాంపర్ అక్కర్లేదని అమ్మేవాళ్ల వాదన. — డాలస్

వాదనలో సగం సరైనదే. కొసన బరువు తగ్గితే సహజ కంపనం పైకి జరుగుతుంది. కానీ ఇంజిన్ తిరిగే వేగాలన్నీ దాటి పోయేంత జరుగుతుందా అన్నది కొలిస్తేగానీ తెలియదు, ఆ కొలత కాగితం అమ్మేవాళ్లలో దాదాపు ఎవరూ చూపించరు. పైగా కంపనాన్ని తినేసే రబ్బరు ఇప్పుడు లేదు కాబట్టి, కలయిక ఎక్కడ వచ్చినా పూర్తి బలంతో వస్తుంది.

ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉన్న ఇంజిన్ ఈ విషయంలో చాలా సున్నితం. క్రాంక్ పొడుగు, అందువల్ల సహజ కంపనం కిందికి దిగుతుంది. సెకనుకు 250 అనుకుంటే నిమిషానికి 15,000. ఆరు సిలిండర్లకు చుట్టుకు మూడు మంటలు కాబట్టి 5,000 ఆర్‌పీఎం దగ్గర మొదటి పెద్ద కలయిక. ట్రాక్ మీద తిప్పే బీఎండబ్ల్యూ సిక్సుల్లో ఆయిల్ పంపు స్ప్రాకెట్ (చెయిన్ తిప్పే పళ్ల చక్రం) నట్టు వదులవడం, నిస్సాన్ ఆరు సిలిండర్ల ఇంజిన్ ఆర్‌బీ26లో ఆయిల్ పంపు గేర్లు పగలడం ఆ బండ్లవాళ్లందరికీ తెలిసిన బాధలే. దానికి కారణాల్లో క్రాంక్ కంపనం ఒకటి. ఉన్న డ్యాంపర్ కూడా తీసేయడం ఆ బాధను పిలిచి తెచ్చుకోవడమే.

మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ఆ కాలపు బీఎండబ్ల్యూ ఇంజిన్లు చాలావాటిలో డ్యాంపర్ వేరు, దాని మీద చిన్న బోల్టులతో బిగించే బెల్ట్ పుల్లీ వేరు. మీరు కొనే సెట్టు బెల్ట్ పుల్లీని మాత్రమే మార్చి డ్యాంపర్‌ను ముట్టుకోకపోతే ఈ భయం లేదు. డబ్బు కట్టే ముందు సెట్టు బొమ్మలో హబ్ ఉందో లేదో చూడండి. హబ్‌తో కలిసి ఒకే ముక్కగా ఉంటే వద్దు.

ప్రశ్న: కొత్తది కొనకుండా, ఉన్న పుల్లీనే లేతు మీద చెక్కించి చిల్లులు వేయిస్తే సరిపోదా? — రాజమహేంద్రవరం

వద్దండీ. బయటి రింగు చెక్కితే రబ్బరుకీ రింగుకీ ఉన్న లెక్క చెడిపోతుంది, డ్యాంపర్ ఉండి కూడా వేరే వేగం దగ్గర పనిచేస్తుంది. చెక్కేటప్పుడు వచ్చే వేడికి రబ్బరు అతుకు వదులుతుంది. బ్యాలెన్సింగ్ కోసం కంపెనీ వేసిన చిన్న గుంతలకు అర్థం ఉండదు. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఇరుసు నుంచి 70 మిల్లీమీటర్ల దూరంలో 5 గ్రాములు తేడా వచ్చినా క్రాంక్ కొసను పక్కకు లాగే బలం 14 కిలోల బరువుకు సమానం. గట్టి పుల్లీ అయినా సరే, డైనమిక్ బ్యాలెన్సింగ్ మిషన్ లేనిచోట చెక్కించకూడదు.

ప్రశ్న: మా బండికి మూడు సిలిండర్లే. చిన్న క్రాంక్ కాబట్టి ఫర్వాలేదా? — అనంతపురం

మెలి కంపనం భయం తక్కువే, కానీ మూడు సిలిండర్లకు ఇంకో గొడవ ఉంది. వాటికి ముందు కొస లేస్తే వెనక కొస దిగే ఊపు పుట్టుకతోనే వస్తుంది. దాన్ని సర్దడానికి కొన్ని కంపెనీలు బ్యాలెన్స్ షాఫ్ట్ పెడతాయి. ఇంకొన్ని పుల్లీలోనూ ఫ్లైవీల్‌లోనూ కావాలనే ఒక పక్క బరువు ఎక్కువ ఉంచుతాయి. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ ఈ రెండో రకం. అలాంటి ఇంజిన్‌కు నాలుగు వైపులా సమానంగా ఉన్న అందమైన అల్యూమినియం పుల్లీ వేస్తే స్టీరింగ్, సీటు, అద్దాలు అన్నీ వణుకుతాయి. పుల్లీ వెనక ఒక పక్కన మందపాటి దిమ్మ ఉందా, లేదా ఒకవైపే పెద్ద కోత ఉందా చూడండి. ఉంటే ఆ పుల్లీ జోలికి పోవద్దు.

ప్రశ్న: అండర్‌డ్రైవ్ పుల్లీ అని చిన్న సైజు క్రాంక్ పుల్లీ వేయించాను. రోడ్డు మీద బాగుంది. బెంజి సర్కిల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం పోతోంది, రాత్రిపూట హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నాడు. — విజయవాడ

బ్యాటరీ మార్చకండి, అది బాధితురాలే. తేలిక పుల్లీ వేరు, అండర్‌డ్రైవ్ పుల్లీ వేరు. మొదటిది బరువు తగ్గిస్తుంది. రెండోది వ్యాసం తగ్గించి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, బెల్ట్‌తో తిరిగే వాటర్ పంపు అన్నింటినీ నెమ్మదిగా తిప్పుతుంది. మీరు రెండూ కలిపి వేసుకున్నారు.

లెక్క ఇలా ఉంటుంది. ఐడ్లింగ్ 750, ఆల్టర్నేటర్ నిష్పత్తి 2.6 అయితే అది 1,950 ఆర్‌పీఎం తిరుగుతుంది. క్రాంక్ పుల్లీ 20 శాతం చిన్నదైతే 1,560. ఆల్టర్నేటర్ కరెంటు సరిగ్గా ఈ ప్రాంతంలోనే నిటారుగా ఎక్కుతుంది, కాబట్టి వేగం అయిదో వంతు తగ్గితే కరెంటు అంతకంటే చాలా ఎక్కువ పడిపోతుంది. మరోపక్క రాత్రిపూట సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లకు 110 వాట్లు, రేడియేటర్ ఫ్యాను, ఏసీ బ్లోయర్, ఇంధన పంపు అన్నీ లాగుతూనే ఉంటాయి. తక్కువపడ్డది బ్యాటరీ ఇస్తుంది.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక మల్టీమీటర్‌ను బ్యాటరీ రెండు కొసలకు పెట్టండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసి అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. 13.2 వోల్టుల పైన నిలిస్తే మంచిదే. 13 కంటే కిందికి జారి ఇంకా దిగుతుంటే బ్యాటరీ ఖాళీ అవుతోంది. 1,500 ఆర్‌పీఎంకి రేస్ ఇవ్వగానే 13.8 దాటితే ఆల్టర్నేటర్ బాగానే ఉంది, తప్పు పుల్లీదే. ఈమధ్య బండ్లలో వోల్టేజీని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అలాంటిదైతే లోడ్లన్నీ వేశాకే కొలవాలి.

ఏసీ సంగతీ అంతే. కండెన్సర్ ఫ్యాను కరెంటుది, దానికేం కాలేదు. కంప్రెసర్ నెమ్మదించింది. 44 డిగ్రీల ఎండలో ఆగి ఉన్న బండికి అది చాలదు. వాటర్ పంపు కూడా ఇదే బెల్ట్ మీద ఉంటే టెంపరేచర్ ముల్లును కనిపెట్టి ఉండండి. టైమింగ్ బెల్ట్ లేదా చెయిన్ తిప్పే పంపయితే దానికి ఇబ్బంది లేదు. స్టీరింగ్ హైడ్రాలిక్‌దైతే పార్కింగులో బిగుసుకుంటుంది, ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కు ఏమీ కాదు.

ఆల్టర్నేటర్‌కు కూడా చిన్న పుల్లీ వేసి సర్దవచ్చని ఎవరైనా చెబుతారు. అప్పుడు అది మళ్లీ పాత వేగానికే వస్తుంది, మీరు పెట్టిన ఖర్చులో ఆ భాగం వృథా. కోస్తాలో, తెలంగాణలో వేసవిలో నడిపే బండికి అండర్‌డ్రైవ్ పనికిరాదన్నదే మా మాట. పాత పుల్లీ, పాత పొడుగు బెల్ట్ వేయించుకోండి.

ప్రశ్న: డీజిల్ బండి. ఆల్టర్నేటర్ పుల్లీ పాడైతే ఖరీదెక్కువని షెడ్డులో మామూలు గట్టి పుల్లీ వేశారు. అప్పటినుంచి స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు బెల్ట్ టపటప కొట్టుకుంటోంది. — కర్నూలు

మీ పాత పుల్లీ ఒకవైపే పట్టే రకం. సైకిల్ వెనక చక్రంలో ఉండే ఫ్రీవీల్ పనే దానిది. డీజిల్ క్రాంక్ ఒక్కో మంటకు వేగం పెరుగుతూ తగ్గుతూ తిరుగుతుంది. క్రాంక్ నెమ్మదించిన క్షణంలో ఆల్టర్నేటర్ లోపలి బరువైన రోటర్ తన ఊపులో తాను తిరిగేలా ఆ పుల్లీ వదిలేస్తుంది. గట్టి పుల్లీ వదలదు కాబట్టి రోటర్ బెల్ట్‌ను వెనక నుంచి లాగుతుంది. ఆ దెబ్బ బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ మీద పడుతుంది. ముందు టెన్షనర్ పోతుంది, తర్వాత బెల్ట్ తెగుతుంది. తెగిన పీచు క్రాంక్ పుల్లీ వెనక నుంచి టైమింగ్ బెల్ట్‌లోకి చిక్కుకుందంటే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

అసలు రకం పుల్లీ వేయించండి, దానితో పాటు టెన్షనర్‌ను కూడా చూడమనండి. పుల్లీ మంచిదా కాదా తెలియాలంటే బెల్ట్ తీసి రోటర్‌ను పట్టుకుని పుల్లీని చేత్తో తిప్పండి. ఒక దిక్కు సాఫీగా తిరగాలి, రెండో దిక్కు పట్టాలి. రెండు దిక్కులా పట్టినా, రెండు దిక్కులా తిరిగినా అది పోయినట్టే. రెండో దిక్కు స్ప్రింగులా కాస్త ఇచ్చి పట్టేవి కూడా ఉన్నాయి, అవి బాగున్నట్టే. డీజిల్ క్రాంక్ పుల్లీని తేలికది వేసే ఆలోచన మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి, డీజిల్ మంట తోపు పెట్రోలు కంటే చాలా మొరటు.

ప్రశ్న: నా ఇంజిన్‌కు రబ్బరు లేని పుల్లీయే. తేలికది కొన్నాను, నేనే మార్చుకుంటాను. పద్ధతి చెప్పండి. — హైదరాబాద్

ముందు ఒక హెచ్చరిక. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ టైమింగ్ స్ప్రాకెట్‌కు కీ ఉండదు, పుల్లీ బోల్టు బిగింపే దాన్ని పట్టి ఉంచుతుంది. ఫోర్డ్ డ్యూరాటెక్, పాత ఫిగో, ఫియస్టాల సిగ్మా ఇంజిన్లు ఇలాంటివి. బోల్టు వదిలితే టైమింగ్ జారుతుంది, స్టార్ట్ చేస్తే వాల్వులు వంగుతాయి. వీటికి క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌లనూ లాక్ చేసే పనిముట్లు లేకుండా బోల్టు మీద పాన పెట్టకూడదు. మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్లో ఈ సంగతి చూసుకున్నాకే మొదలుపెట్టండి.

కొత్త పుల్లీని పాతదాని పక్కన పెట్టి కొలవండి. వ్యాసం, గాడుల సంఖ్య, హబ్ లోతు, కీ గాడి వెడల్పు ఒకటే ఉండాలి. పాతదాని వెనక క్రాంక్ సెన్సర్ చదివే పళ్లుంటే కొత్తదానికీ ఉండాలి, లేకపోతే ఇంజిన్ స్టార్టే కాదు. టైమింగ్ గుర్తు కూడా ఉందో లేదో చూడండి. ఆయిల్ సీల్ రుద్దుకునే హబ్ భాగం ఉక్కుతో ఉండాలి. అక్కడ వట్టి అల్యూమినియం ఉంటే మన దుమ్ముకు కొద్దికాలంలోనే గాడి పడి ఆయిల్ కారుతుంది. బెల్ట్ గాడులకు గట్టి అనోడైజింగ్ (అల్యూమినియం పైపొరను గట్టిపరిచే పద్ధతి) చేసి ఉండాలి, వట్టి రంగు పూత పనికిరాదు.

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీయండి. బండిని స్టాండు మీద కూర్చోబెట్టి, పుల్లీ ఉన్న వైపు ముందు చక్రం విప్పండి. ఒంటి జాకీ మీద వదిలి కిందికి దూరవద్దు. లోపలి ప్లాస్టిక్ మూత తీసి, బెల్ట్ ఎటునుంచి ఎటు వెళ్తోందో ఫోటో తీసుకోండి. ఇతర పుల్లీల బోల్టులు ఏవైనా విప్పేది ఉంటే బెల్ట్ బిగువుగా ఉండగానే వదులు చేయండి, బెల్ట్ తీశాక అవి తిరిగిపోతాయి.

క్రాంక్ బోల్టు గట్టిగా ఉంటుంది. పుల్లీని పట్టే పనిముట్టుతోనో ఫ్లైవీల్ లాక్‌తోనో ఆపి, పొడుగు బార్‌తో వదిలించండి. బార్‌ను నేలకు ఆనించి స్టార్టర్ కొట్టి వదిలించే పద్ధతి షెడ్లలో ఉంది. చెయ్యి విరగాలన్నా, రేడియేటర్ పగలాలన్నా ఒక్కసారి బార్ జారితే చాలు. చేయకండి. పుల్లీ రాకపోతే హబ్ మీద ఉన్న మరచుట్టు చిల్లుల్లో బోల్టులు వేసి లాగే పుల్లర్ వాడాలి. మూడు కాళ్ల పుల్లర్‌తో అంచు పట్టి లాగితే పుల్లీ వంగుతుంది, రబ్బరు ఉన్నదైతే అక్కడితో దాని పని అయిపోయినట్టే.

పుల్లీ వచ్చాక కీని, గాడిని వేలితో తడిమి చూడండి. అంచు నలిగి ఉంటే కొత్త కీ వేయాలి. ఆయిల్ సీల్ ఎలాగూ బయటపడింది కాబట్టి కొత్తది వేసేయడం తెలివైన పని, దాని ఖరీదు ఎంతో కాదు. సీల్ పెదవికి కొద్దిగా ఇంజిన్ ఆయిల్ రాసి పుల్లీని చేత్తో నిలువుగా తోయండి. సుత్తితో కొట్టకండి, ఆ దెబ్బ క్రాంక్ పక్క బేరింగు మీద పడుతుంది.

బోల్టు సంగతి అన్నింటికంటే ముఖ్యం. ముందు కొంత టార్క్ (తిప్పే బలం), ఆపైన 90 డిగ్రీలు అని మాన్యువల్లో ఉంటే అది సాగే రకం, మళ్లీ వాడకూడదు, కొత్తది కొనాలి. ఇంజిన్‌ను బట్టి బిగింపు చాలా మారుతుంది. హోండా బీ సిరీస్‌కు 177 న్యూటన్ మీటర్లు. మరచుట్టుకు ఆయిల్ రాయాలా, పొడిగా ఉంచాలా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే చేయండి. పొడిగా బిగించమన్నదానికి ఆయిల్ రాస్తే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగి తెగుతుంది. ఇంపాక్ట్ గన్‌తో బిగించడం అసలు వద్దు.

బెల్ట్ మీద 6పీకే1200 అని ఉంటే ఆరు గాడులు, 1,200 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. పుల్లీ వ్యాసం మారకపోతే పాత సైజే. వ్యాసం తగ్గితే, తగ్గినదాన్ని 1.57తో గుణించినంత పొట్టి బెల్ట్ కావాలి. 25 మిల్లీమీటర్లు తగ్గితే 39 తక్కువ, అంటే 6పీకే1160. ఇది బెల్ట్ క్రాంక్ పుల్లీని సగం చుట్టి ఉన్నప్పటి లెక్క. తర్వాత సాఫైన స్టీలు స్కేలును రెండు పుల్లీల ముఖాలకు ఆనించి వరస చూడండి. 300 మిల్లీమీటర్ల దూరానికి 1.5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు.

ఇంజిన్‌ను సాకెట్‌తో చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలకపోతే అప్పుడు స్టార్ట్ చేయండి. అరనిమిషం చాలు. బెల్ట్ గాడుల మధ్యే నడుస్తోందా, అంచుకు జరుగుతోందా చూసి ఆపండి. 500 కిలోమీటర్ల తర్వాత పుల్లీ పక్కన నల్లటి పొడి పేరుకుంటే వరస తప్పిందని గుర్తు.

ప్రశ్న: 11 ఏళ్ల బండి. క్రాంక్ పుల్లీ తిరుగుతుంటే అంచు ఊగుతోంది, తెల్లవారి బెల్ట్ అరుస్తోంది. ఎలాగూ మార్చాలి కదా, తేలికది వేసేద్దామా? — నల్లగొండ

అంచు ఊగుతోందంటే డ్యాంపర్ రబ్బరు వదిలేస్తోంది. తెల్ల పెయింటు పెన్నుతో హబ్ నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా నిట్టనిలువు గీత గీయండి. వారం నడిపి చూడండి. గీత విరిగి రెండు ముక్కలు పక్కకు జరిగి ఉంటే రింగు జారుతోంది. అదే జరిగితే ఆలస్యం చేయకండి. రింగు పూర్తిగా ఊడితే బెల్ట్‌తో పాటు ఆల్టర్నేటర్, కొన్ని బండ్లలో వాటర్ పంపు ఒకేసారి ఆగిపోతాయి.

దాని స్థానంలో కంపెనీ డ్యాంపర్‌నే వేయండి. పాత బండికి బేరింగుల్లో ఎలాగూ కాస్త వదులు వచ్చి ఉంటుంది, అలాంటి క్రాంక్‌కు డ్యాంపర్ అవసరం ఇంకా ఎక్కువ. ఇంజిన్ ముందు సీల్ నుంచి ఆయిల్ కారుతుంటే అదీ మార్చండి. ఆ ఆయిలే రబ్బరును మెత్తబరిచి ఉండవచ్చు.

ప్రశ్న: ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద నడపడానికి ఇంజిన్ చేయిస్తున్నాను. అక్కడ కూడా తేలిక పుల్లీ వద్దంటారా? — చెన్నై

ట్రాక్ మీద 6,000కు పైనే ఎక్కువసేపు ఉంటారు. డ్యాంపర్ అవసరం రోడ్డు మీద కంటే అక్కడే ఎక్కువ. మీరు వెతకాల్సింది రేసింగ్ డ్యాంపర్. రబ్బరు రింగుల బదులు చిక్కటి సిలికాన్ ద్రవం నింపినవి ఉన్నాయి. వాటికి ఒకే వేగానికి కట్టుబడటం ఉండదు, అన్ని వేగాల్లోనూ కంపనాన్ని తింటాయి. ఎస్ఎఫ్ఐ 18.1 (అమెరికా రేసింగ్ భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నది తీసుకుంటే ఎక్కువ ఆర్‌పీఎంలో పగిలిపోకుండా పరీక్ష పాసైనదని అర్థం.

బరువు తగ్గించాలనే కోరిక ఫ్లైవీల్ దగ్గర తీర్చుకోండి. అది డ్యాంపర్ పని చేయదు, వ్యాసం పెద్దది కాబట్టి తీసిన ప్రతి కిలోకు లాభం కూడా ఎక్కువ. 7 కిలోల ఫ్లైవీల్‌ను అదే వ్యాసంలో 4.5 కిలోలు చేస్తే మొదటి గేరులో బండి 50 కిలోలు తేలికైనట్టుంటుంది. డ్యూయల్ మాస్ (రెండు ముక్కల) ఫ్లైవీల్ ఉన్న బండికి ఈ సలహా వర్తించదు, అందులో ఉండే స్ప్రింగులు గేర్‌బాక్సును కాపాడే పనిలో ఉంటాయి. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు కవరు, క్రాంక్ మూడింటినీ కలిపి బ్యాలెన్స్ చేయించి, వాటి మీద గుర్తులు పెట్టించుకోండి. క్లచ్ మార్చేటప్పుడు ఆ గుర్తులు కలిసేలానే బిగించాలి.